తొమ్మిదో తరగతి నుంచి డిపార్ట్‌మెంట్ టీం దాకా: ఒక బాస్కెట్‌బాల్ పాయింట్ గార్డ్ దారి

పాలకొల్లు దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వాళ్లబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. స్కూల్ బాస్కెట్‌బాల్ టీంలో బంతిని అవతలి సగానికి తీసుకెళ్లే పని వాడిదే. వీడు మంచి పాయింట్ గార్డ్, అంటే బంతి చేతిలో పెట్టుకుని ఆట నడిపేవాడు, అవుతాడని పీఈటీ మాస్టారు అంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "అది పొడుగువాళ్ల ఆట, పది అవగానే విజయవాడ హాస్టల్లో వేసేద్దాం" అంటున్నారు. ఈ ఆటలో అన్నం పెట్టే దారి ఉందా, ఉంటే ఎటు వెళ్లాలి అన్నది ఆయన ప్రశ్న.

దారి ఉందండి. ఇరుకుగా ఉంటుంది, కానీ ఉంది. నేను ఆ దారినే వచ్చాను. మాది కోనసీమ. నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. స్కూల్, జిల్లా, రాష్ట్రం, యూనివర్సిటీ అయ్యాక పదమూడేళ్లు ఒక కేంద్ర ప్రభుత్వ డిపార్ట్‌మెంట్ టీంకు పాయింట్ గార్డ్‌గా ఆడాను. ఇప్పుడు అదే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు పిల్లలకు నేర్పిస్తున్నాను. మీవాడి భవిష్యత్తును తేల్చేది ఎత్తు కంటే ఎక్కువగా పది తర్వాతి రెండేళ్లు. ఆ సంగతి కిందికి వచ్చాక వివరంగా చెప్తాను. ఇంకేదీ చదవకపోయినా ఆ భాగం మాత్రం చదవండి.

ముందు ఎత్తు సంగతి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మగ్సీ బోగ్స్ అనే పాయింట్ గార్డ్ 14 సీజన్లు ఆడాడు. ఆయన ఎత్తు అచ్చం మీవాడి ఎత్తే, అయిదడుగుల మూడంగుళాలు. అయితే అలాంటివాడు తరానికొకడు పుడతాడు కాబట్టి ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకోమని నేను చెప్పను. మనం చూడాల్సింది జపాన్ వైపు. వాళ్ల జాతీయ జట్టుకు కెప్టెన్‌గా చేసిన యూకీ తొగాషి 167 సెంటీమీటర్లు. 172 సెంటీమీటర్ల యూకీ కవామురా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద 29 పాయింట్లు కొట్టాడు. ఫ్రాన్స్ తరఫున ఏడడుగులు దాటిన వెంబన్యామా ఆడుతున్న మ్యాచ్ అది. ఓవర్ టైం దాకా వెళ్లి జపాన్ ఓడింది. తర్వాత కవామురా ఎన్‌బీఏలో మెంఫిస్‌కు కూడా ఆడాడు. మనలాంటి పొట్టివాళ్లు ఆ స్థాయికి వెళ్లగలరనడానికి ఆ ఇద్దరు చాలు.

పొట్టివాడికి కష్టమొచ్చేది షూటింగ్‌లో అనుకుంటారు. అసలు కష్టం డిఫెన్స్‌లో. అవతలి టీం మీవాణ్ణి వెతికి మరీ ఆరడుగుల రెండంగుళాల వాణ్ణి వాడి మీదకి తెస్తుంది, వీపు తిప్పి రింగు కిందికి నెట్టేస్తుంది. దీనికి మందు పాదాలే. తన మనిషిని కోర్టు పొడవునా, అంటే 28 మీటర్లూ వెంటాడగలిగితే, సగం గీత దాటడానికి ఉన్న 8 సెకన్లూ దాదాపు అయిపోయేదాకా ఆపగలిగితే, ఆ పొడుగువాడికి బంతి అందేసరికి షాట్ వేయడానికి అవతలివాళ్లకున్న 24 సెకన్లలో సగం అయిపోతాయి. అందుకే పొట్టి గార్డ్ టీంలో ఉండాలంటే అందరికంటే ఎక్కువ దమ్ముండాలి. పద్నాలుగేళ్లకే మీవాడి ఎత్తు ఆగిపోదు. దయచేసి ఎత్తు పెంచే పొడులు కొనకండి. ఆ డబ్బు గుడ్లకీ, చేపలకీ, మంచి బూట్లకీ పెట్టండి.

ఇక ఆట నేర్చుకోవడం. మన డెల్టాలో ఏ ఊరు చూసినా వాలీబాల్ నెట్టో, కబడ్డీ బరో ఉంటుంది. బాస్కెట్‌బాల్ రింగులు పాత హైస్కూళ్లలో, కాలేజీల్లో, పట్నం స్టేడియాల్లోనే కనిపిస్తాయి. అందులోనూ మట్టి కోర్టులు చాలా. నేను మట్టి కోర్టులోనే నేర్చుకున్నాను. ఒండ్రు మట్టి ఎండితే నెర్రెలిస్తుంది, వాన పడితే వారం రోజులు అడుగు పెట్టనివ్వదు. బంతి నేలకి తగిలి పైకి లేవదు. లేచినా ఎటు లేస్తుందో తెలీదు. అందుకని మేమంతా మోకాళ్ల కిందే డ్రిబుల్ చేసేవాళ్లం. అది నాకు వరమైంది. పెద్ద మ్యాచుల్లో పొడుగు చేతులవాళ్లు బంతి లాక్కోలేకపోయేవాళ్లు. అదే మట్టి ఒక నష్టమూ చేసింది. మొదటిసారి చెక్క కోర్టు మీద ఆడినప్పుడు బంతి అనుకున్నదానికంటే ఎత్తుకి, అనుకున్నదానికంటే ముందే చేతికొచ్చేసేది. ఆ టోర్నీలో మొదటి రెండు మ్యాచులూ బంతి పోగొట్టుకుంటూనే ఉన్నాను. మీవాణ్ణి నెలకి రెండుసార్లైనా భీమవరమో, ఏలూరో, కాకినాడో తీసుకెళ్లి గట్టి నేల మీద ఆడించండి. రోజూ సిమెంటు మీద మాత్రం వద్దు. పదిహేనేళ్లలోపు సిమెంటు మీద ఎక్కువ గెంతిన పిల్లలకి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవడం నేను చాలామందిలో చూశాను. నొప్పి ఉందని వాడంటే ఆ వారం గెంతుడు ఆపించండి, ఫ్రీ త్రోలు వేయించండి.

ఎడమ చేయి గురించి మా మాస్టారు ఒక మాట చెప్పేవారు. "అన్నం తినడం తప్ప మిగతా పనులన్నీ ఎడమ చేత్తో చేయరా" అని. తలుపు గడియ తీయడం, సైకిల్ తాళం వేయడం, పళ్లు తోముకోవడం, కాలువ గట్టు మీద స్కూలుకి నడిచినంతసేపూ ఎడమ చేత్తో బంతి కొట్టుకుంటూ వెళ్లడం. ఏడాది చేశాను. జిల్లా సెలెక్షన్స్‌లో నా చేతివాటం కుడో ఎడమో సెలెక్టర్లకి తెలియలేదు.

చేయి కుదిరాక కన్ను కుదరాలి. బంతి వంక చూస్తూ డ్రిబుల్ చేసేవాడు పాయింట్ గార్డ్ కాలేడు. దీనికి ఇంట్లో చేయగల సాధన ఒకటుంది. మీవాడు వాకిట్లో బంతి కొడుతుంటే మీరు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి. వేళ్లు చూపిస్తూ ఉండండి. మూడో, అయిదో, రెండో వాడు గట్టిగా చెప్పాలి. రోజుకి పది నిమిషాలు. దీనికి కోచ్ అక్కర్లేదు, తండ్రి చాలు.

"గట్టిగా" అన్నాను కదా, అక్కడ కాసేపు ఆగాలి. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఈ నోటి దగ్గరే. పాయింట్ గార్డ్ అంటే కోర్టు మీద కోచ్ గొంతు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ సెట్ (ముందే అనుకున్న ఎత్తుగడ) ఆడాలి, వెనక నుంచి స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే మనిషి) వస్తోందా, గడియారంలో ఎన్ని సెకన్లున్నాయి, ఇవన్నీ అరిచి చెప్పాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఎదురు మాట్లాడకూడదని పెంచుతాం. మంచిదే. కానీ పదిహేడేళ్ల కుర్రాడు ఇరవై ఎనిమిదేళ్ల సీనియర్‌ని "కార్నర్‌కి వెళ్లు" అని ఎలా అంటాడు? నేను అనలేకపోయాను. రాష్ట్ర క్యాంపులో మొదటి వారం అంతా సైగలతోనే నెట్టుకొచ్చాను. కోచ్ పిలిచి, నీ ఆట బాగుంది, నీ నోరు బాలేదు, ఇలాగైతే పంపించేస్తానన్నారు. ఆ రాత్రి మా సెంటర్ ప్లేయర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగువాడు, ఒక ఉపాయం చెప్పాడు. "ముందు అన్నా అని కేకెయ్యి, తర్వాత ఏం కావాలంటే అది చెప్పు. నేనేం అనుకోను" అని. అలా మొదలైంది. "అన్నా, కార్నర్!" "అన్నా, స్క్రీన్ ఎడమ!" మర్యాదా పోలేదు, పనీ జరిగింది. డిపార్ట్‌మెంట్ టీంలో చివరి ఏడాది వరకూ నాకదే అలవాటు. మీవాణ్ణి ఇప్పటినుంచే ప్లస్ టూ పిల్లలతో కలిపి ఆడించండి, వాళ్లని పేరుపెట్టి పిలిచి ఆట నడిపించమనండి.

స్క్రీన్ ఆట గురించి రెండు మాటలు. ఇవాళ గార్డ్ బతుకంతా అందులోనే ఉంది. మన పొడుగువాడు వచ్చి మీవాడి డిఫెండర్‌కి అడ్డంగా నిలబడతాడు. అప్పుడు మీవాడు చూడాల్సింది తన డిఫెండర్‌ని కాదు, ఆ పొడుగువాణ్ణి కాపలా కాస్తున్న మనిషిని. అతను వెనక్కి తగ్గితే ఆగి షాట్ వేయాలి. అతను బంతి మీదకి వస్తే రింగు వైపు పరిగెత్తే మన పొడుగువాడికి నేల మీంచి బౌన్స్ పాస్ ఇవ్వాలి. మూడోవాడు సాయానికి కిందికి దిగితే బంతి మూలకి వెళ్లాలి. ఇదంతా ఒక్క క్షణంలో తేలాలి. చెప్తే రాదు, వందలసార్లు ఆడాకే వస్తుంది. పొట్టివాడికి దీనితోపాటు ఫ్లోటర్ తప్పనిసరి. రింగు దాకా వెళ్తే పొడుగువాడు కొట్టేస్తాడు కాబట్టి రెండు మూడు మీటర్ల ముందే అతని వేళ్లకి అందనంత ఎత్తులో మెత్తగా వదిలే షాట్ అది.

మీరు స్కోరు పుస్తకం చూసేటప్పుడు పాయింట్లు లెక్కపెట్టకండి. అసిస్టులు (బాస్కెట్ పడేలా ఇచ్చిన పాసులు) ఎన్ని, చేజార్చిన బంతులెన్ని చూడండి. రెండు అసిస్టులకి ఒక తప్పు ఉంటే ఫర్వాలేదు, మూడింటికి ఒకటైతే చాలా బాగున్నట్టు. సెలెక్టర్లు చూసేదీ ఇదే.

స్కూల్ దశలో మెట్లు తెలిసినవే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. మండలం, జిల్లా, రాష్ట్రం దాటితే జాతీయ స్కూల్ పోటీలు. ఇంకోవైపు బాస్కెట్‌బాల్ సంఘం వాళ్ల సబ్ జూనియర్, జూనియర్ పోటీలు వేరుగా ఉంటాయి. రెండింటిలోనూ ఆడాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూల్ రికార్డు మూడింట్లోనూ ఒకే పుట్టినతేదీ ఉండాలి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. వయసు తగ్గించి ఆడిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అలా ఆడి, పద్దెనిమిదేళ్లకి పట్టుబడి, ఆట మొత్తానికి దూరమైన కుర్రాడు నాకు తెలుసు. మంచి షూటర్.

ఇప్పుడు ఇంటర్. నాకు పదిలో మంచి మార్కులొచ్చాయి. ఊళ్లో అందరి పిల్లలూ వెళ్తున్నారని నాన్న నన్నూ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. పేరు అనవసరం. అక్కడ గ్రౌండ్ లేదు. తెల్లవారుజామున అయిదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి మళ్లీ స్టడీ అవర్. బంతి తెచ్చుకుంటే వార్డెన్ లాకర్‌లో పెట్టేశారు. దసరా నాటికి ఏడు కిలోలు పెరిగాను. ఆ సెలవులకి వచ్చి రాష్ట్ర జూనియర్ సెలెక్షన్స్‌కి వెళ్లాను. ఎక్కడికి పాస్ ఇవ్వాలో కనిపిస్తోంది, కానీ కాలు అక్కడికి చేరేసరికి డిఫెండర్ ముందే ఉన్నాడు. మొదటి రోజే వెనక్కి పంపేశారు. అమలాపురం బస్టాండ్‌లో దిగి ఇంటికి వెళ్లకుండా రెండు గంటలు కూర్చున్నాను.

నాన్నకి ఆట గురించి ఏమీ తెలీదు. కొబ్బరి దింపులు, సార్వా, దాళ్వా, అంతే ఆయన లోకం. నన్ను చూసి ఒక్క ప్రశ్న అడిగారు, "నీకు ఏది కావాలిరా" అని. సంక్రాంతి అయ్యాక టీసీ తెచ్చి పట్నంలో గ్రౌండ్ ఉన్న మామూలు జూనియర్ కాలేజీలో వేశారు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. పాత ఆట రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. కాలేజీ అయ్యాక సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా గ్రౌండ్, ఆఖరి బస్సుకి ఇల్లు. చదువు మానలేదు, ఇంటర్ 78 శాతంతో పాసయ్యాను.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, నాతో జిల్లాకి ఆడిన పన్నెండు మందిలో తొమ్మిదిమంది ఆ రెండేళ్లలోనే ఆట వదిలేశారు. వాళ్లలో ఇద్దరు నాకంటే మంచి గార్డ్‌లు. పదహారు, పదిహేడేళ్లకి శరీరం గట్టిపడుతుంది, ఆట వేగం రెట్టింపవుతుంది. అప్పుడు బంతి చేతిలో ఉండాలి. చదువు మానిపించమని నేను చెప్పడం లేదు. గ్రౌండ్ ఉన్న కాలేజీ, రోజుకి రెండు గంటల ఆట, ఈ రెండూ ఉన్నచోటే చేర్చండి. చేర్చేముందు మీరే సాయంత్రం అయిదింటికి వెళ్లి గ్రౌండ్‌లో పిల్లలున్నారో లేదో కళ్లారా చూడండి. బ్రోచర్‌లో ఫోటోని నమ్మకండి.

డిగ్రీకి రెండు దారులు. ఇక్కడే ఆదికవి నన్నయ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలోనో, జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోనో చదువుతూ యూనివర్సిటీ టీంకి ఆడొచ్చు. లేదా చెన్నై వెళ్లొచ్చు. అక్కడి కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు మంచి ప్లేయర్లకి సీటు, హాస్టల్ ఉచితంగా ఇస్తాయి. ట్రయల్స్‌కి వెళ్లడానికి కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఉంది. నా సలహా, ఒక్కసారైనా ఆ ట్రయల్స్‌కి తీసుకెళ్లండి. సెలెక్ట్ కాకపోయినా తమిళనాడు, కేరళ పిల్లలు ఎంత వేగంగా ఆడతారో కళ్లతో చూస్తాడు. సౌత్ జోన్ అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో మనకి ఎదురయ్యేది వాళ్లే. అక్కడ మొదటి నాలుగు స్థానాల్లో ఉంటేనే ఆలిండియా పోటీలకి వెళ్తాం.

ఇక అన్నం పెట్టే చోటు. మన దేశంలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ప్లేయర్ అంటే ఇప్పటికీ ఎక్కువగా ఉద్యోగి అయిన ప్లేయరే. రైల్వేలు, సైనిక దళాలు, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఇన్‌కం ట్యాక్స్, మన కేజీ బేసిన్‌లో చమురు బావులు తవ్వే ఓఎన్‌జీసీ, ఇవే పెద్ద టీంలు. భారత జట్టుకి కెప్టెన్‌గా చేసిన విశేష్ భృగువంశీ కూడా వారణాసి కోర్టుల్లోంచి వచ్చి ఓఎన్‌జీసీకి ఆడినవాడే. 2017లో ఆస్ట్రేలియాలో అడిలైడ్ జట్టు అతన్ని తీసుకుంది, 2020కి అర్జున అవార్డు వచ్చింది. లీగ్‌లు వస్తూ పోతూ ఉన్నాయి. 2015లో యూబీఏ మొదలై రెండేళ్లకే ఆగింది. 2025లో ఐఎన్‌బీఎల్ ప్రో మొదలైంది, అందులో హైదరాబాద్ టీం కూడా ఉంది. లీగ్‌లో అవకాశం వస్తే ఆడాలి, కానీ ఇంటి లెక్క దాని మీద వేయకండి. అమెరికా గురించి అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను. పంజాబ్ నుంచి సత్నాం సింగ్‌ని 2015లో ఎన్‌బీఏ జట్టు డల్లాస్ ఆ ఏటి కొత్తవాళ్ల ఎంపికలో 52వ వాడిగా తీసుకుంది, అతను ఏడడుగుల పైన ఉండే సెంటర్. గార్డ్‌ల కోసం వాళ్లు ఇంత దూరం రారు, వాళ్లకి ప్రతి వీధిలోనూ ఉన్నారు.

రైల్వే స్పోర్ట్స్ కోటా ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి, అక్కడే చాలామంది పొరపాటు పడతారు. వయసు 18 నుంచి 25 లోపు, సడలింపు ఉండదు. నోటిఫికేషన్ ద్వారా తీసుకునేటప్పుడు వందకి 50 మార్కులు ఆడిన పోటీలకి, 40 ట్రయల్స్‌లో ఆటకి, 10 చదువుకి. పోటీలు కూడా ఆ ఆర్థిక సంవత్సరంలోనో, అంతకుముందు రెండేళ్లలోనో ఆడినవై ఉండాలి. పందొమ్మిదేళ్లకి జాతీయ పోటీ ఆడి, ఇరవై మూడేళ్లకి దరఖాస్తు చేస్తే ఆ సర్టిఫికెట్‌కి విలువ ఉండదు. కేంద్ర ఉద్యోగాలకి సర్టిఫికెట్లు నిర్ణీత ఫారాల్లో ఉండాలి. అంతర్జాతీయానికి ఫారం 1, జాతీయానికి 2, యూనివర్సిటీకి 3, స్కూల్ జాతీయానికి 4. టోర్నీ అయిన వెంటనే అడిగి సంతకం చేయించుకోండి. నాలుగేళ్ల తర్వాత ఆ కార్యదర్శి మారిపోతాడు, మీరు తిరుగుతూ ఉంటారు. కొన్ని బ్యాంకు టీంలు ముందు స్టైపెండ్ మీద తీసుకుని ఆట చూశాక ఉద్యోగం ఇస్తాయి. అదీ మంచి దారే.

డిపార్ట్‌మెంట్ టీంలో చేరాక మొదటి ఏడాది మనసు కష్టపడుతుందని మీవాడికి ముందే చెప్పండి. అప్పటిదాకా వెళ్లిన ప్రతి టీంలోనూ మొదటి గార్డ్‌గా ఆడినవాడు అక్కడ పదోవాడవుతాడు. నాకు మొదటి సీజన్‌లో మ్యాచ్‌కి మూడు నాలుగు నిమిషాలు దొరికేవి. ఆ నిమిషాల్లో హీరో అవుదామని దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు వేసేవాణ్ణి. సీనియర్ గార్డ్ అన్న పక్కన కూర్చోబెట్టుకుని, "నిన్ను దింపేది నాకు ఊపిరి దొరకడానికి. బంతి పోగొట్టకు, అయిదు సెట్లూ సరిగ్గా నడుపు, చాలు" అన్నారు. రెండో ఏడు నుంచి నిమిషాలు పెరిగాయి. నాలుగో ఏడు ఆయన స్థానంలోకి వచ్చాను.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది చదువుతుంటే ఒక మాట. మహిళల జాతీయ పోటీల్లో రైల్వే జట్టు దశాబ్దాలుగా పైచేయిగా ఉంది, అందులో చాలామందికి ఉద్యోగం ఈ ఆటే ఇచ్చింది. మన జిల్లాల్లో ఆడే అమ్మాయిలు తక్కువ, బంతి నడపగల అమ్మాయిలు మరీ తక్కువ. మీ అమ్మాయికి ఆసక్తి ఉంటే ఆరో నంబరు బంతి కొనివ్వండి.

ఆట ముప్పై అయిదు దగ్గర ఆగుతుంది. ఉద్యోగం అరవై దాకా ఉంటుంది. ఉద్యోగం రాకపోతే బీపీఎడ్ చేసి పీఈటీ కావొచ్చు, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ కోర్సు చేయొచ్చు, రిఫరీ పరీక్ష రాయొచ్చు. ఈ పనులన్నిట్లోనూ పాయింట్ గార్డ్‌గా ఆడినవాళ్లు బాగా రాణిస్తారు, ఎందుకంటే వాళ్లకి అయిదు స్థానాల పనీ తెలుసు.

వచ్చే ఆదివారం మీరు చేయాల్సిన పని ఒకటి చెప్తాను. మీవాడి మ్యాచ్ ఒకటి మొదటినుంచి చివరిదాకా ఫోన్‌లో తీయండి. బంతి వెంట ఫోన్ తిప్పకండి, వాణ్ణే పట్టుకోండి. ఇంటికొచ్చాక ఇద్దరూ కూర్చుని చూడండి. బంతి వేరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడు వాడు ఎటు చూస్తున్నాడు, నోరు కదులుతోందా, తప్పు జరిగాక ఎన్ని సెకన్లకి వెనక్కి పరిగెత్తాడు, ఈ మూడూ ఒక పుస్తకంలో రాయించండి. మూడు నెలల తర్వాత మళ్లీ తీయండి. రెండు వీడియోలూ పీఈటీ మాస్టారికి చూపించి, అప్పుడు కాలేజీ సంగతి ఆయనతో కూర్చుని మాట్లాడండి.